చెయ్యి ఎత్తకుండా గీయాల్సిన బొమ్మ

బస్సు ఇంకా ఊరి చివర పేట్టై కూడా దాటలేదు, అరటిగెలలు ఎక్కిస్తున్నారు, నిచ్చెన మీద ఒకడు, కింద ఒకడు, గెల గెలకీ కండక్టరుతో వాదన, ఇది మనుషుల బస్సా అరటికాయల బస్సా, పోనివ్వండయ్యా, అక్కడ ఒక పిల్ల చదువు మానేస్తోంది అని అరవాలనుంది, అరవను, నేను సైకాలజీ ఎం.ఏ. రెండో ఏడాది, గొంతు అదుపులో పెట్టుకోవడం మాకొక పాఠం, ఎదుటివాళ్లు ఏడ్చినా అరిచినా మన గొంతు మాత్రం గోరువెచ్చటి నీళ్లలా ఉండాలని నేర్పారు, నేర్చుకున్నాను, ఆ గొంతుతోనే కదా చెప్పాను ఇసక్కికి, ఇసక్కియమ్మాళ్, చివరి వరుసలో ఉన్నావమ్మా అని, గోరువెచ్చగా. ఫోను మళ్లీ తెరుస్తాను. నిన్న సాయంత్రం పంపింది. అక్కా, మీ పరీక్ష నిజమే చెప్పింది, నాకు చదువు వచ్చే బుర్ర కాదు, మానేస్తున్నాను, రేపు అమ్మ వచ్చి టీసీ తీసుకుంటుంది, మీరు చెప్పకపోతే అమ్మ ఇంకో మూడేళ్లు నా కోసం వీపు వంగేలా బీడీలు చుట్టేది, చాలా థాంక్స్ అక్కా. ఆ థాంక్స్ దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు ప్రతిసారీ పక్కకి జరిగిపోతాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఫోను ఆఫ్. రాత్రి ఆఫ్, పొద్దున ఆఫ్, ఇప్పుడూ ఆఫ్, మీరు పిలుస్తున్న చందాదారు అంటూ అరవంలో ఆ అమ్మాయి ఎంత తీయగా చెబుతుందో, ఆమె గొంతు కూడా గోరువెచ్చగానే ఉంటుంది.

నిజమే చెప్పిందని ఇసక్కి అంటున్న ఆ పరీక్షలో నిజం అంటూ ఏమీ లేదు. పరీక్షే లేదు. కెమిస్ట్రీ చదివే స్నేహితురాలి దగ్గర తెల్లకోటు అడిగి తెచ్చుకుని, డిపార్టుమెంటు చివరి గదిలో బల్ల వేసుకుని, మొదటి ఏడాది డిగ్రీ పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, గ్రహణశక్తి పరీక్ష అని చెప్పి కొన్ని ఆకారాలు, కొన్ని చుక్కలు ఇచ్చి రాయించుకున్నాను. రాశాక ఆ కాగితం పట్టుకుని పక్కగదిలోకి వెళ్లేదాన్ని, దిద్దడానికి. దిద్దేదాన్ని కాదు. కాసిని మంచినీళ్లు తాగి, జేబులోంచి నాణెం తీసి ఎగరేసేదాన్ని. బొమ్మ పడితే, మీ వయసువాళ్లలో మీరు పైవరుసలో ఉన్నారు. బొరుసు పడితే, చివరి వరుస, ఉన్నత చదువులకి కావలసిన శక్తి తక్కువగా కనిపిస్తోంది. ఆ మాట చెప్పి, వెంటనే ఇంకో కాగితం ఇచ్చేదాన్ని, ఒక బొమ్మ, ఒక నలుచదరం, లోపల మూలనుంచి మూలకి రెండు గీతలు, నాలుగు వైపులా బయటికి నాలుగు త్రికోణాలు, చూడ్డానికి ముగ్గులా ఉంటుంది, పెన్సిలు ఎత్తకుండా, గీసిన గీత మళ్లీ గీయకుండా దీన్ని గీయండి అని. అది ఎవరివల్లా కాదు. కాకూడదనే ఎంచుకున్నాం. చిన్నమాట విన్నవాళ్లు ఎంతసేపటికి పెన్సిలు కింద పెట్టేస్తారో, పెద్దమాట విన్నవాళ్లు ఎంతసేపు పట్టు వదలరో చూడ్డమే ప్రయోగం. నేను పక్కన నిలబడి గడియారం చూసేదాన్ని. అపజయ వార్త, పట్టుదల, మొదటితరం విద్యార్థులు, అని దానికి బారెడు పేరు, కింద నా పేరు, గోమతి, దాని కింద మా గైడు గ్లాడ్సన్ సార్ పేరు.

కదిలింది బస్సు. కిటికీలోంచి తుంపర, ఇక్కడివాళ్లు సారల్ అంటారు, మొదలైంది కాబోలు కొండలవైపు, ముఖం మీద చల్లగా పడుతుంటే పక్కనున్న పెద్దావిడ అద్దం దించమంటుంది, దించుతాను, అద్దంలో నా ముఖమే. ఇసక్కికి నాణెం ఎగరేసిన రోజు బాగా గుర్తుంది, అందరిలోకీ ఆమెదే గుర్తుండటానికి కారణం ఆమె లోపలికి వస్తూ చెప్పులు గుమ్మం బయట విడిచింది, పరీక్షగదిలోకి చెప్పులతో రావచ్చమ్మా అంటే, పర్లేదక్కా అలవాటు అని నవ్వింది, వేళ్ల చివర్లు గోధుమరంగు, తునికాకు చుట్టీ చుట్టీ వచ్చిన రంగు, ఎంత కడిగినా పోదట. పక్కగదిలో నాణెం పడింది. బొరుసు. ఒక్క క్షణం, ఇంకోసారి ఎగరేద్దామా అనిపించింది. ఎవరూ చూడటం లేదు. ఈ పిల్లకి వద్దు, ఇంకెవరికైనా సరే అనిపించింది. వెంటనే సిగ్గేసింది, పరిశోధనలో మనసు జొరబడకూడదు, ఎవరు ఏ గుంపులో పడాలో పరిశోధకుడి ఇష్టం నిర్ణయించకూడదు, అందుకే కదా నాణెం, అది మొదటి నెలలోనే నేర్పారు, పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. జేబులో పెట్టుకుని వెళ్లి చెప్పేశాను. ఆ సాయంత్రం హాస్టల్లో దోసెలు తింటూ నన్ను నేను మెచ్చుకున్నాను, చూశావా గోమతీ, జాలిని జయించావు, ఇక నువ్వు శాస్త్రజ్ఞురాలివే అని.

అనుమతి ఊరికే రాలేదు మాకు. ఎథిక్స్ కమిటీ ముందు కూర్చుని జవాబులు చెప్పాం, పెద్దవాళ్లు, కళ్లజోళ్లవాళ్లు, టీ, మేరీ బిస్కట్లు. పాల్గొనేవారికి హాని ఏమైనా ఉందా అన్న చోట, రోజువారీ జీవితంలో ఎదురయ్యే దానికంటే ఎక్కువ లేదు అని రాశాను, ఆ మాట అందరూ రాస్తారు, నేనూ రాశాను. ఎవరి రోజువారీ జీవితం అని ఎవరూ అడగలేదు. చెన్నైలో ఇంగ్లీషు బడిలో చదివిన పిల్లకి చివరి వరుస అంటే, ఇంటికెళ్లి అమ్మతో చెప్పి నవ్వుకుంటుంది, ఆ పరీక్షే పిచ్చిది అంటుంది నాన్న. ఇసక్కి ఇంట్లో ఆ మాట అనేవాళ్లెవరు. ఇక ప్రయోగం అయ్యాక అసలు సంగతి విడమరిచి చెప్పాలి, మావాళ్లు డీబ్రీఫింగ్ అంటారు, అది లేకపోతే కమిటీ ఒప్పుకోదు. రాశాం. కానీ వెంటనే చెబితే ఒకళ్ల నోటినుంచి ఇంకొకళ్ల చెవికి పాకుతుంది, తర్వాత వచ్చేవాళ్లు అన్నీ తెలిసే వస్తారు, కాబట్టి అందరూ అయ్యాక చివర్లో హాల్లో కూర్చోబెట్టి ఒకేసారి చెబుతాం అని రాశాం. కమిటీలో పెద్దాయన తలూపాడు, సరైన పద్ధతి అన్నాడు. పద్ధతి సరైనదే. పుస్తకాల్లో ఉంది. ఆ చివరకీ మొదటికీ మధ్య మూడు వారాలు, ఆ మూడు వారాలూ పిల్లలు ఆ మాటని మోసుకుని తిరుగుతారన్నది ఏ పుస్తకంలోనూ లేదు, లేక ఉందేమో, నేను ఆ పేజీ చదివి ఉండను, చదివినా పరీక్షకి వస్తుందా రాదా అనే చూసి ఉంటాను.

తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు నాకు. ఏడో తరగతిలో లెక్కల టీచరు, పేరు కూడా తలుచుకోను, శంకరన్‌కోవిల్‌లో మా బడి, కిటికీ పక్క బల్ల, పక్కవీధి మగ్గాల చప్పుడు రోజంతా, ఆ చప్పుడులో మా నాన్న మగ్గం ఏదో నాకు తెలిసేది, టీచరు నా కాగితం పైకెత్తి, నీకు లెక్కల బుర్ర లేదే, ఊరికే ఆయాసపడకు అంది. కోపంగా కూడా కాదు. బస్సు రాదమ్మా ఇక ఇంటికెళ్లు అన్నట్టు. ఆ తర్వాత ఎన్ని లెక్కలు చేశాను, గణాంకశాస్త్రంలో క్లాసులో మొదటిదాన్ని, అయినా ఇవాళ్టికీ కూడిక చేసి రెండోసారి చూసుకుంటాను, ఎవరో వెనకనుంచి కాగితం లాక్కుంటారని. గ్లాడ్సన్ సార్‌కి ఆ కథ చెబితే ఆయన కళ్లు మెరిశాయి, ఇదేనమ్మా నీ పరిశోధన, సొంత గాయం నుంచి పుట్టిన ప్రశ్నకి బలం ఉంటుంది అన్నారు. ఎంత పొంగిపోయానో. నా గాయాన్ని అచ్చుపోసి, మూసలు చేసి, తెల్లకోటు వేసుకుని పంచిపెట్టాను. బొరుసు పడిన ప్రతి పిల్లకీ ఒకటి. ఆ టీచరైనా నయం, తను నమ్మిన మాటే అంది.

చేరన్‌మహాదేవిలో బస్సు ఖాళీ అయింది, మళ్లీ నిండింది, ఎవరో పిల్లవాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టి తల్లి వెనక్కి వెళ్లింది, చేతిలో మురుక్కు, నా చీరకి నూనె, పూసుకో నాయనా, పూసుకో. పొద్దున గ్లాడ్సన్ సార్ ఆ మెసేజ్ చదివి కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. చెడ్డవాడు కాదాయన. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. "శుక్రవారం అందరికీ చెప్పేస్తున్నాం కదమ్మా. మూడు రోజులు ఆగలేవా?" అన్నారు. "ఇప్పుడు ఒకరికి చెప్పామంటే మధ్యాహ్నానికి హాస్టలంతా పాకుతుంది. ఇంకా కొందరు మిగిలారు. ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ అమ్మాయికి ఫోన్ చేసి, తొందరపడొద్దు, శుక్రవారం రా, మాట్లాడదాం అని చెప్పు. అబద్ధమేం కాదుగా అది." ఫోను ఎత్తటం లేదు సార్ అన్నాను. "ఎత్తేదాకా చెయ్యి" అన్నారు, అని, వాళ్లమ్మ టీసీకి వస్తే ఆఫీసులో రెండు రోజులు ఆపమని నేను చెబుతాను అన్నారు. చూశారా, ఆయనా ఏదో ఒకటి చేస్తానంటూనే ఉన్నారు. సరే సార్ అని బయటికి వచ్చి, నేరుగా హాస్టలుకి వెళ్లి ఇసక్కి గదిలో ఉండే తంగపుష్పాన్ని ఊరి దారి అడిగాను. శనివారమే ఇంటికి వెళ్లిపోయింది, ముక్కూడల్ దాటాక ముప్పిడాతి అమ్మన్ కోవిల్ స్టాపులో దిగాలక్కా, ఎవరినడిగినా చెబుతారు అంది. ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి. జలుబు చేసిందనుకున్నాను. అడగలేదు, బస్సు తొందర.

ఏమని చెప్పాలి. శుక్రవారం చదవడానికి ఒక కాగితం సిద్ధంగా ఉంది, మీరు ఈ అధ్యయనంలో పాల్గొన్నందుకు కృతజ్ఞతలు, అధ్యయన అవసరాల దృష్ట్యా మీకు కొంత సమాచారం మార్చి చెప్పడం జరిగింది. జరిగింది. ఎవరో చేసినట్టు, వాన కురిసినట్టు. అలా కాదు. ఇసక్కీ, నేను అబద్ధం చెప్పాను. ఇసక్కీ, అది ఒట్టి నాణెం. ఇసక్కీ, నీ కాగితం నేను చూడనేలేదు. అమ్మో, అది ఎలా చెప్పను, ఎంత శ్రద్ధగా రాసిందో, తుడిచీ తుడిచీ, రబ్బరు పొడి ఊదేసి, మళ్లీ రాసి. పోయిన నెల మా డిపార్టుమెంటులో ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ పెట్టారు, బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన, ఎదుటివాళ్ల బాధలోకి దిగడం ఎలా అని ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, మూడు వాక్యాలు నేర్పాడు, మీరు చెప్పేది నాకు వినపడుతోంది, అది కష్టంగా ఉండి ఉంటుంది, మీతో నేను ఉన్నాను. నాకు సర్టిఫికెట్ ఇచ్చాడు. బయోడేటాలో రాసుకున్నాను, దాని కిందే ఈ పరిశోధన కూడా, పూర్తి కాకముందే, డిసెంబరులో సదస్సులో చదవబోయే పత్రం అని. పీహెచ్‌డీ సీటుకి అదొక్కటే నా బలం. అది పోతే నేను శంకరన్‌కోవిల్ వెళ్లి ఏదో బడిలో, కిటికీ పక్క బల్లల మధ్య, పిల్లల కాగితాలు పైకెత్తుతూ. పోనీ. పోతే పోనీ. అంటున్నాను గానీ, నిజంగా పోతే ఎలా, ఈ రెండు భయాలూ ఒకే మనిషిలో, ఆ పిల్ల కోసం ఒకటి, నా కోసం ఒకటి, ఏది పెద్దదో చూడాలంటే భయం.

ఇంకో సంగతి ఉంది. చిన్నమాట విన్నవాళ్లు త్వరగా వదిలేస్తారని మా ఊహ, వదిలేశారు కూడా, కొందరు మాట విన్న కాసేపటికే పెన్సిలు పెట్టేసి, పోనీలెండక్కా అని లేచిపోయారు. ఇసక్కి లేవలేదు. గీసింది, చెరిపింది, ఇంకో కాగితం అడిగింది, గీసింది, గది తాళం వేసే వేళ అయింది, ఇక చాలమ్మా అని నేనే కాగితం తీసుకోవాల్సి వచ్చింది, చేతిలోంచి లాగినంత పనైంది. మేము కూర్చోబెట్టిన అందరిలోకీ ఎక్కువసేపు కూర్చున్నది ఆమే. ఆ అంకె చూపిస్తే సార్ పెదవి విరిచారు, ఇది గుంపుకి దూరంగా ఉందమ్మా, ఇలాంటిది ఒక్కటి ఉన్నా సగటు పాడవుతుంది, తీసేద్దాం అన్నారు. తీసేయడానికీ పద్ధతి ఉంది, నియమం ఉంది, తీసేశాను. అంటే ఏమిటి. ఆ గదిలో నేను నిజంగా కొలిచింది ఆమె పట్టుదల ఒక్కటే, అది పట్టుకెళ్లి చెత్తలో వేశాను, నాణెం చెప్పిన అబద్ధం మాత్రం ఆమె చేతికిచ్చి ఇంటికి పంపాను. ఓరి దేవుడా.

వంతెన. కింద తామ్రపర్ణి నిండుగా, ఎర్రగా, రెల్లు వంగిపోయి. చూడకూడదనుకుంటూనే చూస్తాను. ఇంతవరకూ టీసీ, చదువు, అమ్మ, అని ఏవేవో అనుకుంటూ వచ్చాను, అసలు అనుకోకుండా దాటేస్తున్న మాట ఒకటుంది, ఫోను ఎందుకు ఆపేసింది, థాంక్స్ అక్కా అని ఎందుకంది, అలా అన్నీ సర్దేసి, అందరికీ థాంక్స్ చెప్పేసి వెళ్లేవాళ్లు, లేదు, లేదు, ఆ పాఠం నాకిప్పుడు వద్దు, రెండో సెమిస్టరులో చదివాం, హెచ్చరిక సూచనలు, నాలుగు మార్కుల ప్రశ్న, నోరు మూసుకో గోమతీ. డ్రైవరన్నా, కాస్త తొక్కు. ముప్పిడాతి అమ్మా, నీ స్టాపులోనే దిగుతున్నాను తల్లీ, ఆ పిల్ల ఇంట్లో ఉండేలా చూడు, నన్ను చెప్పుతో కొట్టేలా చూడు, గుమ్మంలో నిలబడి నా ముఖాన ఉమ్మేలా చూడు, ఉండేలా చూడు చాలు. ఫోను మోగుతోంది. సార్. ఎత్తను. మళ్లీ మోగుతోంది. ఎత్తను. ఒళ్లో పిల్లవాడు ఫోను వైపు చూసి, ఎవరో పిలుస్తున్నారు అత్తా, అంటాడు.

దిగి, కోవిల పక్క సందులో అడుగు పెట్టానో లేదో తెలిసిపోయింది ఏ ఇల్లో. ఎవరినీ అడగక్కర్లేదు. వాకిలంతా ఆ బొమ్మే. నలుచదరం, అడ్డగీతలు, నాలుగు త్రికోణాలు, పిండితో వేసింది, ఒక గీత తక్కువగా ఆగిపోయింది. దాని పక్కన ఇంకోటి, అదీ తక్కువే. దాని కింద నిన్నటిది, మొన్నటిది, తుడిచినా తెల్లగా మిగిలిపోయిన మరకలు, ఒకదాని మీద ఒకటి. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒళ్లో చేటలు, చేటల్లో తునికాకు, పొగాకు, వేళ్లు ఆగకుండా చుడుతూనే తలలెత్తారు. పెద్దావిడ ముఖంలో ఇసక్కి నవ్వు పోలిక ఉంది.

"ఎవరు కావాలి తల్లీ?"

"ఇసక్కి... ఇసక్కియమ్మాళ్. కాలేజీ నుంచి వచ్చాను. నా పేరు గోమతి."

"ఓ, నువ్వేనా! ఆ పరీక్ష పెట్టిన అక్క. రా, కూర్చో. నేనే వద్దామని చీర మార్చుకున్నాను, ఈ కట్టలు కంపెనీలో అప్పగించి బయల్దేరాలి. ఇంత దూరం నువ్వే వచ్చావా టీసీ కాగితం ఇవ్వడానికి?"

"ఇసక్కి ఏది అమ్మా?"

"ఏటికి పోయింది."

"ఏటికా? ఎప్పుడు?"

నా గొంతు విని ఆమె వేళ్లు ఆగాయి. పక్కావిడ అందుకుంది, "బట్టలు ఉతకడానికి పోయిందమ్మా, ఎందుకలా అదిరిపోతావు? పొద్దున్నే లేచి ఈ సగం ముగ్గులు పెట్టి, ఫోను కూడా కట్టేసి, వాటిముందు గుడ్లగూబలా కూర్చుని, ఇప్పుడు పోయింది. వాకిట్లో సగం ముగ్గు ఇంటికి మంచిది కాదే అంటే వింటుందా? ఈ పేచ్చియమ్మ కూతుర్ని ఒక్క మాట అనదు." పేచ్చియమ్మ ఆమెని పట్టించుకోలేదు, నన్నే చూస్తోంది. "ఒక మాట అడుగుతాను తల్లీ, నేను చదువుకోని దాన్ని. పన్నెండులో వాళ్ల హెడ్మాస్టరు ఇంటికి వచ్చి మరీ చెప్పాడు, ఈ పిల్లకి మంచి బుర్ర, చదివించు పేచ్చీ అని. నువ్వేమో మిషనులో పెట్టి చూసినట్టు లేదన్నావు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. నేనెవరి మాట నమ్మాలి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర మూడు వాక్యాలున్నాయి, సర్టిఫికెట్ ఉంది. సందు చివర తడి బట్టల బకెట్టు నడుం మీద పెట్టుకుని ఇసక్కి వస్తోంది. బతికే ఉంది. నడుస్తోంది. పావడా అంచు తడిసి కాళ్లకి అంటుకుని, నన్ను చూసి ఆగి, గబగబా బకెట్టు దించి, "అక్కా, మీరా!" అని నవ్వబోయింది, అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు, మూడు సెమిస్టర్ల శిక్షణ ఆ సందులో కొట్టుకుపోయింది. ఏడుస్తూనే చెప్పేశాను. పరీక్ష అబద్ధం. మార్కులు అబద్ధం. నాణెం ఎగరేశాను. నీ కాగితం దిద్దలేదు, చూడనుకూడా లేదు. నువ్వే కాదు, సగంమందికి ఇలాగే చెప్పాను. కాగితంలో రాసుకున్న కృతజ్ఞతలేవీ గుర్తు రాలేదు.

ఆమె విన్నది. తల్లి వంక చూసింది. తర్వాత చాలా మెల్లగా, నన్ను ఓదార్చుతున్నట్టు, "నా మెసేజ్ చూసి బాధపడి వచ్చారా అక్కా? మీరు మంచివారు. అందుకే ఇలా చెబుతున్నారు" అంది.

"కాదు ఇసక్కీ, ఇది నిజం." కళ్లు తుడుచుకుని అన్నాను, ఆ గోరువెచ్చటి గొంతే వచ్చింది.

"ఆ రోజూ ఇదే గొంతుతో చెప్పారక్కా."

గోడకి తల కొట్టుకోవాలనిపించింది. నా మాటకి ఇక విలువ లేదు, విలువ పోగొట్టుకున్నది నేనే, ఎంత ఏడిస్తే అంత అబద్ధంలా ఉంటుంది. మాట పనికిరాదు. కింద చూశాను, ఆ ముగ్గు. చతికిలబడి కూర్చున్నాను వాకిట్లో, తడి మట్టిలో, చీరతోనే, ఆగిపోయిన ఆ ఒక్క గీతా వేలితో గీసి పూర్తి చేశాను. "నా మాట నమ్మకు. ఇలా రా. ఈ మూల దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో చెప్పు" అన్నాను. ఆమె కాసేపు నిలబడి, తర్వాత వంగింది. గోధుమరంగు వేలు గీత గీతకీ తాకింది. ఐదు. "ఆ మూల?" ఐదు. "అదీ?" అన్నిటికీ ఐదే. "ఒక మూలకి ఒక గీత మీద వచ్చావనుకో, ఇంకో గీత మీద వెళ్లాలి కదా. వస్తావు, వెళ్తావు, వస్తావు, వెళ్తావు, మళ్లీ వస్తావు..."

ఆమె వేలు నేలమీద నడుస్తోంది. వచ్చింది, వెళ్లింది. వచ్చింది, వెళ్లింది. వచ్చింది. ఆగింది. "వెళ్లడానికి గీత లేదు" అంది తనలో తనే. "అయితే ఇక్కడే ఆగిపోవాలి. లేకపోతే ఇక్కడే మొదలవ్వాలి." ఇంకో మూలకి జరిగింది, మోకాళ్ల మీద, పావడా పిండిలో ఈడుస్తూ. "మొదలు ఒక్కచోటే. చివర ఒక్కచోటే. మూలలేమో నాలుగు." పేచ్చియమ్మ చేట పక్కన పెట్టి దిగి వచ్చి మా వెనక నిలబడింది. ఇసక్కి తలెత్తినప్పుడు ఆ ముఖంలో నవ్వు లేదు, నన్ను మంచిదాన్ని అన్న ఆ చూపు లేదు.

"ఇది ఎవరివల్లా కాదు."

"కాదు."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను ఆ గదిలో గీస్తుంటే, మీరు పక్కన నిలబడి గడియారం చూస్తున్నారు. అప్పుడూ తెలుసా?"

"తెలుసు."

లేచి, అరికాలితో ఆ ముగ్గు చెరిపేసింది. ఒకటి, దాని పక్కది, కిందటి రోజుల మరకలు కూడా, కాలు నొప్పిపుట్టేలా రుద్దింది. కొడుతుందనుకున్నాను. కొట్టమనే కోరుకున్నాను. "తంగపుష్పం కూడా వచ్చింది మీ పరీక్షకి" అంది. "రోజూ దుప్పటి ముసుగులో ఏడుస్తుంది. ఇంటిమీద బెంగ అనుకున్నాను. దానికేం పడింది?"

వాచిన కళ్లు. జలుబు. ఎదురుగా నిలబడి దారి అడిగి, బస్సు తొందరని వచ్చేశాను.

"బొరుసు" అన్నాను.

"దానికెప్పుడు చెబుతారు?"

"శుక్రవారం. అందరికీ ఒకేసారి."

"ఇవాళ మంగళవారం" అని ఇసక్కి లోపలికి వెళ్లి, పావడా మార్చుకుని, కాలేజీ సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. తల్లి అడ్డం వచ్చింది, "ఎక్కడికే? చదువుకోడానికా?" అని, ఆ అడగటంలో ఆశ దాచుకోలేక. "అది తర్వాత చూద్దాం అమ్మా. ముందు తంగపుష్పానికి చెప్పాలి. ఎవరెవరికి బొరుసు పడిందో అందరికీ చెప్పాలి." నావైపు తిరిగి, "ఆపుతారా?" అంది. అంతా పోతుంది, సదస్సు, పత్రం, సీటు, సార్ ముఖం, నాన్న మగ్గం చప్పుడు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి, తిరగలేదని చెబితే అదింకో అబద్ధం. ఆపను అన్నాను.

తిరుగు బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, ముందు సీటులో కూర్చుంది. జడ చివర ముగ్గుపిండి. వంతెన మీదికి వచ్చాక, వెనక్కి తిరగకుండానే, ఆ రోజు నేనెంతసేపు కూర్చున్నానక్కా అని అడిగింది. అందరికంటే ఎక్కువసేపు అన్నాను. అదైనా నిజమేనా అంది. నిజం అన్నాను. నమ్మిందో లేదో తెలియదు, నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. నా ఫోను మళ్లీ మోగింది. సార్. ఇసక్కి వెనక్కి చెయ్యి చాపింది, ఇవ్వమని. ఇచ్చాను. అవతల ఆయన హలో అమ్మా, హలో, అంటూనే ఉన్నారు, నాదాకా వినిపిస్తోంది. ఆమె గొంతు సవరించుకుంది.

"సార్, నేను మొదటి ఏడాది ఇసక్కియమ్మాళ్‌ని. మీ బొమ్మ ఎవరివల్లా కాదు సార్. ఎందుకో చెబుతాను, రాసుకోండి."